వార్డు డ్యూటీ ఇక చాలు అనుకుంటున్నారా? నర్సింగ్ వదిలేయకుండా వేరే జాబ్‌లోకి ఎలా మారాలి

జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి, మూడేళ్లో పదేళ్లో వార్డులోనో ఐసీయూలోనో చేసి, ఇక నా వల్ల కాదు బాబోయ్ అనుకుంటున్న సిస్టర్స్ కోసం ఇది రాస్తున్నా, బ్రదర్స్‌కి కూడా పనికొస్తుంది. విసుగొచ్చి మొత్తం నర్సింగే వదిలేసి బ్యాంకు కోచింగ్‌కి పోయినవాళ్లు, ఇంట్లో కూర్చున్నవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. ఎవరిష్టం వాళ్లది, కాదనను, కానీ మీరు నేర్చుకున్న పనికి వార్డు బయట కూడా గిరాకీ ఉంది, ఆ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు, అంతే.

జీతాల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తా. 2016లో సుప్రీంకోర్టు ఆర్డర్ మీద కేంద్రం వేసిన కమిటీ, 50 బెడ్లు కూడా లేని ప్రైవేట్ ఆస్పత్రిలో సైతం నర్సుకి నెలకి 20 వేలు తగ్గకూడదు, 200 బెడ్లు దాటితే గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలి అని చెప్పింది. మన ఊళ్లలో ఎంత ఇస్తున్నారో మీకు నేను చెప్పాలా. కాబట్టి మారాలనుకోవడంలో తప్పేం లేదు, కాకపోతే రిజైన్ లెటర్ రాసే ముందు కింద చెప్పిన పనులు ఇదే వరసలో చేయండి.

మొదటి పని: మీకు ఏది పడట్లేదో తేల్చుకోండి

"నాకు బెడ్‌సైడ్ వద్దు" అంటే సరిపోదు. నైట్లు వద్దా? నడుం నొప్పి వచ్చి పేషెంట్లని తిప్పలేకపోతున్నారా? జీతం చాలట్లేదా? అటెండర్లు, అంటే పేషెంట్ బంధువులు, మీదికొచ్చి అరవడం తట్టుకోలేకపోతున్నారా? లేక చావులు చూడలేకపోతున్నారా? ఒక కాగితం తీసుకుని నిజాయితీగా రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు. ఎందుకంటే ఏ కొత్త జాబ్ తీసుకున్నా వీటిలో ఒకటో రెండో పోతాయి, మిగతావి వెంటే వస్తాయి. అటెండర్ల గొడవ పడలేక ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కి పోతే అక్కడ అదే అటెండర్ ఇంకా గట్టిగా అరుస్తాడు, ఎందుకంటే అక్కడ మ్యాటర్ డబ్బు. నైట్లు వద్దని మెడికల్ బిల్లింగ్ కంపెనీకి పోతే అమెరికా వాళ్లతో ఫోన్ మాట్లాడే ఏఆర్ కాలింగ్‌లో వేస్తారు, అది మొత్తం నైట్ షిఫ్టే. ఇది తెలీకుండా వెళ్లి నెల తిరక్కుండా వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఆ కాగితం రెండో వైపు, డ్యూటీలో ఏ పని మీకు కాస్త నచ్చుతుందో అది రాయండి. జూనియర్స్‌కి నేర్పించడమా, ఫైళ్లు నీట్‌గా పెట్టడమా, పేషెంట్‌కి అర్థమయ్యేలా చెప్పడమా, మెషీన్లా. ఏ దారి మీదో సగం ఇక్కడే తేలిపోతుంది.

రెండో పని: కాగితాలు సరిచేసుకోండి

బోర్ కొట్టే పని, కానీ తర్వాత ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుతోందా చూసుకోండి, తెలంగాణలో ఒక కౌన్సిల్, ఆంధ్రాలో ఇంకొకటి, రాష్ట్రం విడిపోక ముందు ఉమ్మడి కౌన్సిల్లో రిజిస్టర్ అయినవాళ్లు తమ ఫైల్ ఇప్పుడు ఎటు ఉందో ఒకసారి కనుక్కోవాలి. ఐదేళ్లకోసారి రెన్యూవల్ మర్చిపోవద్దు. ఎన్ఆర్‌టీఎస్‌లో (దేశంలోని నర్సుల ఆన్‌లైన్ రిజిస్టర్) ఎన్‌యూఐడీ నంబర్ (ప్రతి నర్సుకీ ఇచ్చే ఐడీ) లేకపోతే తీసుకోండి. "నేను ఇక నర్సు పని చేయను కదా, ఇదంతా ఎందుకు" అనొద్దు, కింద చెప్పబోయే జాబుల్లో చాలావాటికి మిమ్మల్ని తీసుకునేదే రిజిస్టర్డ్ నర్సు అని.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆస్పత్రి వాళ్ల దగ్గర ఉంటే, రిజైన్ మాట ఎత్తక ముందే ఏదో ఒక కారణం చెప్పి బయటికి తెచ్చుకోండి, రెన్యూవల్‌కి కావాలనో, హయ్యర్ స్టడీస్ అప్లికేషన్‌కనో. రాతపూర్వకంగా లెటర్ ఇచ్చి, దాని కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం చేయించుకోండి. బాండ్ ఉంటే ఎన్ని నెలలు మిగిలిందో, దాంట్లో ఏం రాసుందో చదవండి, సంతకం పెట్టినవాళ్లలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా చదివి ఉండరు.

ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో "స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అని ఒక్క లైన్ రాసిస్తారు, అది దేనికీ పనికిరాదు. ఏ డిపార్ట్‌మెంట్, ఎన్ని బెడ్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అనేవి ఉండాలి. డ్రాఫ్ట్ మీరే టైప్ చేసుకుని నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లండి, వాళ్లకి రాసే ఓపిక ఉండదు గానీ రెడీగా ఉంటే సంతకం పెట్టేస్తారు.

మూడో పని: మీరు చేసిన పనిని వేరే మాటల్లో రాసుకోవడం

నర్సుల రెజ్యూమెలు అన్నీ ఒకేలా ఉంటాయి. "వైటల్స్ చెకింగ్, ఐవీ క్యాన్యులేషన్, మెడికేషన్ అడ్మినిస్ట్రేషన్, క్యాథెటరైజేషన్." ఇది వార్డు ఇన్‌ఛార్జికి అర్థమవుతుంది, క్వాలిటీ డిపార్ట్‌మెంట్ మేనేజర్‌కో ఇన్సూరెన్స్ కంపెనీ హెచ్ఆర్‌కో ఇది చదివితే ఏమీ అర్థం కాదు. అదే పనిని ఇలా రాసి చూడండి: "12 బెడ్ల ఐసీయూలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. రోజూ క్రాష్ కార్ట్, నార్కోటిక్ రిజిస్టర్ ఆడిట్. క్యాథెటర్ కేర్ చెక్‌లిస్ట్ డేటా ప్రతి నెలా ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి పంపడం. కొత్తగా చేరిన స్టాఫ్‌కి ఓరియంటేషన్. ఎన్ఏబీహెచ్ ఇన్‌స్పెక్షన్ టైమ్‌లో వార్డు ఫైళ్ల బాధ్యత." (ఎన్ఏబీహెచ్ అంటే ఆస్పత్రుల క్వాలిటీ చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ.) అబద్ధం ఒక్కటి కూడా లేదు, మీరు రోజూ చేసేదే, వార్డులో చేసినప్పుడు దాన్ని పని కింద ఎవరూ లెక్కపెట్టలేదు, అదీ సంగతి.

మీరు చేయని పని మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

నాలుగో పని: దారి ఎంచుకోవడం

నా లెక్కలో అన్నిటికంటే తేలిగ్గా మారగలిగేది ఉన్న ఆస్పత్రిలోనే వేరే కుర్చీకి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్, క్వాలిటీ డిపార్ట్‌మెంట్, ట్రైనింగ్ ఇచ్చే నర్స్ ఎడ్యుకేటర్. ఎన్ఏబీహెచ్ అక్రిడిటేషన్ ఉన్న, లేదా దానికోసం ట్రై చేస్తున్న ప్రతి ఆస్పత్రికీ ఈ మనుషులు కావాలి, బయటినుంచి ఎంబీఏ వాళ్లని తెచ్చుకున్నా వార్డులో ఏం జరుగుతుందో చెప్పడానికి చివరికి నర్సే కావాలి. నైట్లు దాదాపు ఉండవు, పేషెంట్‌ని ఎత్తడం ఉండదు. కానీ నిన్నటిదాకా మీతో కలిసి టీ తాగిన సిస్టర్స్‌కే "హ్యాండ్ రబ్ వాడలేదు" అని రాయాల్సి వస్తుంది, అది అందరికీ చేతకాదు.

ఈ పనిలో ఏం చేస్తారో ఒక్కటి దగ్గరగా చూపిస్తా. యూరిన్ క్యాథెటర్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్, అదే కాటీ, దాని రేటు తీయాలి. రోజూ ఒకే టైమ్‌కి, ఉదయం అనుకోండి, ఐసీయూలో ఎంతమందికి క్యాథెటర్ ఉందో లెక్కపెడతారు. ఇవాళ 12 మంది, రేపు 14 మంది, అలా కూడుకుంటూ పోతే మూడు నెలలకి 1,200 క్యాథెటర్ డేస్ అయ్యాయి అనుకుందాం. ఆ మూడు నెలల్లో డెఫినిషన్‌కి సరిపోయే ఇన్ఫెక్షన్లు 3 వచ్చాయి. 3ని 1,200తో భాగించి 1,000తో గుణిస్తే 2.5. అంటే వెయ్యి క్యాథెటర్ రోజులకి రెండున్నర ఇన్ఫెక్షన్లు. లెక్క ఆరో క్లాసు పిల్లలు కూడా చేస్తారు. అసలు పని ఏంటంటే, ఆ మూడో కేసు నిజంగా కాటీయేనా లేక క్యాథెటర్ వేయక ముందే ఉన్న ఇన్ఫెక్షనా అని కేస్ షీట్ తిరగేసి, కల్చర్ ఏ రోజు పంపారు, జ్వరం ఏ రోజు వచ్చింది, క్యాథెటర్ ఏ రోజు వేశారు అని చూసి చెప్పగలగడం. కేస్ షీట్ చదవడం వచ్చిన నర్సుకి అది వస్తుంది. డబ్ల్యూహెచ్ఓ వాళ్లు ఇన్ఫెక్షన్ కంట్రోల్ మీద ఆన్‌లైన్‌లో ఫ్రీ కోర్సులు పెట్టారు, ముందు అవి చేసి, సర్టిఫికెట్ ప్రింట్ తీసుకుని మీ ఆస్పత్రి ఇన్ఫెక్షన్ కంట్రోల్ మేడమ్‌ని కలవండి, "మీకు ఆడిట్‌లో హెల్ప్ చేస్తా" అని అడగండి. చాలామందికి ఆ సీటు ఇలాగే వస్తుంది, నోటిఫికేషన్ చూసి కాదు.

తర్వాత ఇన్సూరెన్స్. దీంట్లో రెండు వైపులు, ఆస్పత్రి వైపు డెస్క్, అవతల టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిమ్స్ చూసే సంస్థ) లేదా ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్ చూసే టీమ్. 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ కొత్త సర్క్యులర్ ఇచ్చింది, క్యాష్‌లెస్ రిక్వెస్ట్ మీద గంటలో నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ టైమ్‌లో ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి అని. దాంతో రెండు వైపులా ఫైల్ చూడగానే అర్థమయ్యే మనిషి అవసరం పెరిగింది. డెంగీతో అడ్మిట్ అయిన పేషెంట్ మీద "ఓపీలో చూడొచ్చు కదా, అడ్మిషన్ ఎందుకు" అని క్వెరీ వస్తుంది అనుకోండి. ప్లేట్‌లెట్ రిపోర్ట్ ఒక్కటి పంపితే మళ్లీ అదే క్వెరీ తిరిగొస్తుంది. వాంతులు ఎన్నిసార్లు అయ్యాయి, బీపీ ఎంత పడింది, కడుపునొప్పి ఉందా, ఫ్లూయిడ్ ఎంత ఎక్కించారు అన్నది నర్సెస్ నోట్స్‌లో ఉంటుంది, అది తీసి పెట్టగలిగేది మీరే. ఆరోగ్యశ్రీ వైపు, ఆ స్కీమ్ పేషెంట్లకి ఆస్పత్రిలో సాయం చేసే ఆరోగ్యమిత్ర పోస్టులు కూడా ఈ బాపతే, ఆంధ్రాలో ఇప్పుడు స్కీమ్ పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, అక్కడ నోటిఫికేషన్లలో బీఎస్సీ నర్సింగ్ వాళ్లకీ ఛాన్స్ ఇచ్చారు. అవి ఔట్‌సోర్సింగ్ జాబులని తెలుసుకుని వెళ్లండి.

ఇప్పుడు అందరూ అడిగే మెడికల్ కోడింగ్. అమీర్‌పేటలో గోడల నిండా దాని పోస్టర్లే. అమెరికా ఆస్పత్రుల కేస్ షీట్లు చదివి, జబ్బుకి ఐసీడీ-10-సీఎం కోడ్, చేసిన ప్రొసీజర్‌కి సీపీటీ కోడ్ వేయడం, అంతే పని. ఎంత "అంతే"నో చూడండి: ఒక పేషెంట్‌కి టైప్ 2 షుగర్, బీపీ, క్రానిక్ కిడ్నీ డిసీజ్ స్టేజ్ 4, ఇన్సులిన్ మీద ఉన్నాడు. కొత్తగా చేరినవాళ్లు షుగర్‌కి ఈ11.9, బీపీకి ఐ10, కిడ్నీకి ఎన్18.4 అని దేనికదే వేసేస్తారు, తప్పు. గైడ్‌లైన్ ప్రకారం షుగరూ కిడ్నీ జబ్బూ రెండూ ఉంటే, సంబంధం లేదని డాక్టర్ ప్రత్యేకంగా రాయనంతవరకు, ఉన్నట్టే లెక్క, బీపీకీ అంతే. కాబట్టి ఈ11.22, ఐ12.9, ఎన్18.4, ఇన్సులిన్ వాడుతున్నందుకు జడ్79.4. ఇది చదివి మీకు ఓహో అనిపించిందా, తలనొప్పి వచ్చిందా? ఓహో అనిపిస్తే ముందుకెళ్లండి, తలనొప్పి వస్తే ఫీజు కట్టొద్దు, ఎందుకంటే రోజంతా ఇదే పని, టార్గెట్ ఉంటుంది, దాంతోపాటు 95 శాతం క్వాలిటీ అడుగుతారు.

సర్టిఫికేషన్ అంటే అమెరికాలోని కోడర్ల సంఘం ఏఏపీసీ వాళ్ల సీపీసీ పరీక్ష, 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్, కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాయొచ్చు. అనుభవం లేకుండా పాసైతే పేరు చివర అప్రెంటిస్ అని ఒక "ఎ" తగిలిస్తారు, ఎక్స్‌పీరియన్స్ చూపించాక అది పోతుంది. నర్సు అయినందుకు ఫ్రెషర్‌గా ఎక్కువ జీతం ఇస్తారని అనుకోవద్దు, బీఎస్సీ బయోటెక్ వాళ్ల పక్కనే కూర్చోబెడతారు. మీ చదువు పనికొచ్చేది రెండు మూడేళ్ల తర్వాత, ఇన్‌పేషెంట్ డీఆర్‌జీ (అడ్మిషన్ మొత్తాన్ని ఒక గ్రూపు కింద లెక్కేసే కోడింగ్), హెచ్‌సీసీ (దీర్ఘకాల జబ్బుల రిస్క్ లెక్కేసే కోడింగ్) లాంటి పెద్ద చార్టుల్లో, ఆడిటింగ్‌లో. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి, ఎక్స్‌రే, చిన్న విజిట్ల కోడింగ్ లాంటి తేలిక పనిని సాఫ్ట్‌వేర్ తినేస్తోంది, కాబట్టి అక్కడే ఆగిపోయే ప్లాన్‌తో వెళ్లొద్దు. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని ఇంకా ఎవరైనా కోర్సు అమ్ముతుంటే దండం పెట్టి వచ్చేయండి.

క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ గురించి మన నర్సులకి పెద్దగా తెలీదు గానీ నాకైతే నర్సుకి చక్కగా సరిపోయే పని అదే అనిపిస్తుంది. పెద్ద ఆస్పత్రుల్లో కొత్త మందుల ట్రయల్స్ జరుగుతుంటాయి, ట్రయల్‌లో చేరిన పేషెంట్ ఏ రోజు రావాలి, ఏ శాంపిల్ తీయాలి, సెంట్రిఫ్యూజ్ చేసి డ్రై ఐస్‌లో ఎలా పంపాలి, కన్సెంట్ ఫారం సరిగ్గా ఉందా, డేటా ఎంట్రీ, ఇదంతా కోఆర్డినేటరే చూస్తారు. పేషెంట్‌కి ఏదైనా సీరియస్‌గా అయితే 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం ఇన్వెస్టిగేటర్ డాక్టర్ 24 గంటల్లోగా డ్రగ్ కంట్రోల్ అథారిటీకి, స్పాన్సర్‌కి, ఎథిక్స్ కమిటీకి రిపోర్ట్ పంపాలి, ఆ కాగితాలన్నీ పరిగెత్తించేది మీరే, అది ఆదివారమైనా సరే. తప్పు రాస్తే వైట్నర్ వాడకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి అన్న రూల్ మీకు కొత్త కాదు కదా, కేస్ షీట్‌లో చేసేదే. జీసీపీ (ట్రయల్స్‌లో పాటించాల్సిన పద్ధతులు) అనే ట్రైనింగ్ ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది, అది చేసి మీ ఆస్పత్రిలో ట్రయల్స్ చేసే డాక్టర్ ఎవరో కనుక్కుని వెళ్లి కలవండి. లక్షలు పోసి డిప్లొమా చేయక్కర్లేదు, పేషెంట్‌తో మాట్లాడటం వచ్చిన మనిషిని వాళ్లే వెతుక్కుంటున్నారు. ఇబ్బంది ఏంటంటే ఇవి హైదరాబాద్, వైజాగ్ లాంటి పెద్ద సిటీల్లోనే ఎక్కువ.

సొంత ఊరికి దగ్గర్లో ఉండాలి, నైట్లు వద్దు అనుకునేవాళ్లకి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. ఆయుష్మాన్ భారత్ కింద 2018 నుంచి సబ్ సెంటర్లని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చుకుంటూ వచ్చారు, ఆంధ్రాలో విలేజ్ క్లినిక్‌లు, తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆ బాపతు. మైదాన ప్రాంతంలో సుమారు 5 వేల జనాభాకి, ఏజెన్సీలో 3 వేలకి ఒక సెంటర్. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ సీబ్యాక్ ఫారం (జబ్బుల రిస్క్ లెక్కేసే ఫారం) నింపడం, బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్, ఈ-సంజీవని ఆన్‌లైన్ సర్వీస్‌లో డాక్టర్‌తో మాట్లాడించి మందులు ఇవ్వడం, ఏఎన్ఎం, ఆశాలతో కలిసి పని. కేంద్రం గైడ్‌లైన్‌లో నెలకి 25 వేలు ఫిక్స్‌డ్, పనిని బట్టి 15 వేల దాకా ఇన్సెంటివ్ అని ఉంది, ఇన్సెంటివ్ టైమ్‌కి పడటం మాత్రం రాష్ట్రాన్ని బట్టి, మీ అదృష్టాన్ని బట్టి. కొత్త సిలబస్ బీఎస్సీలో ఈ ట్రైనింగ్ కలిసే ఉంది, పాత బ్యాచ్‌లకీ జీఎన్ఎం వాళ్లకీ ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. కాంట్రాక్టు జాబ్, రెగ్యులర్ చేయమని వీళ్లు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. ఇంకా యాప్‌లు, ఒకటా రెండా, మధ్యాహ్నం దాకా పేషెంట్లు, ఆ తర్వాత సిగ్నల్ కోసం సెంటర్ బయట ఫోన్ పట్టుకుని తిరగడం. అయినా ఊళ్లో మర్యాద, సాయంత్రానికి ఇంటికి రావడం, ఈ రెండూ కావాలనుకుంటే దీన్ని మించింది లేదు.

టీచింగ్ చాలామందికి మొదట గుర్తొచ్చేది. బీఎస్సీతో ట్యూటర్, ఆపైన ఎదగాలంటే ఎంఎస్సీ తప్పదు, బీఎస్సీ తర్వాత ఏడాది ఎక్స్‌పీరియన్స్ ఉండాలి, అడ్మిషన్లు తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ద్వారా. జీఎన్ఎం వాళ్లు ముందు రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేయాలి. ప్రైవేట్ కాలేజీల్లో కొన్ని "మీరు రానక్కర్లేదు మేడమ్, ఇన్‌స్పెక్షన్ రోజు వస్తే చాలు, సర్టిఫికెట్లు ఇవ్వండి" అంటాయి, ఆ డబ్బు జోలికి పోవద్దు, రేపు మీ రిజిస్ట్రేషన్ నంబర్ రెండు చోట్ల దొరికితే కౌన్సిల్ ముందు నిలబడేది మీరే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఫ్యాక్టరీ నర్సు జాబ్ బ్రదర్స్‌కి బాగా పనికొస్తుంది, 500 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో అంబులెన్స్ రూమ్, నర్సింగ్ స్టాఫ్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచే రూలు, పరవాడ, అచ్యుతాపురం, శ్రీసిటీ, జీడిమెట్ల వైపు అడగండి, షిఫ్టులు మాత్రం ఉంటాయి, ఫార్మా యూనిట్లలో కెమికల్ బర్న్స్, గ్యాస్ లీకులు చూడటానికి ధైర్యం కావాలి. గురుకులాలు, ఏకలవ్య స్కూళ్లు, ఇంటర్నేషనల్ స్కూళ్లలో స్టాఫ్ నర్సు పోస్టులు ఉంటాయి, హాస్టల్ ఉన్న చోట రాత్రి పిల్లలకి జ్వరమొస్తే తలుపు కొట్టేది మీ గదే. ఏఎన్ఎం చదివినవాళ్లకి కస్తూర్బా స్కూళ్లలో పోస్టులు ఉన్నాయి. డయాలిసిస్, వెంటిలేటర్ మెషీన్లు బాగా తెలిసినవాళ్లని మెషీన్ కంపెనీలు అప్లికేషన్ స్పెషలిస్ట్‌గా తీసుకుంటాయి, ఆస్పత్రులు తిరిగి స్టాఫ్‌కి నేర్పడం పని, జీతం బాగుంటుంది, బ్యాగ్ సర్దుకుని తిరగడానికి ఇంట్లో ఒప్పుకోవాలి. పోస్ట్‌నేటల్ వార్డులో పాలివ్వడం నేర్పించే పని ఇష్టమైతే లాక్టేషన్ కన్సల్టెంట్ దారి ఉంది, ఐబీసీఎల్‌సీ పరీక్ష, నర్సులకి 95 గంటల క్లాసులు, ఐదేళ్లలో 1,000 గంటల ప్రాక్టీస్ చూపించాలి, అంటే ప్రసూతి వార్డులో ఉండగానే గంటల లెక్క రాసుకోవడం మొదలుపెట్టాలి. 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ బెడ్‌సైడే గానీ, అక్కడ మీ మాటకి ఉండే విలువ వేరు, తెలంగాణలో 2017లోనే హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రి వాళ్లు, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో మొదలుపెట్టారు. ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష) పాసై అమెరికా వీసా కోసం ఏళ్లతరబడి చూస్తున్నవాళ్లు ఉంటే, యూఎస్ఆర్ఎన్ (అమెరికా రిజిస్టర్డ్ నర్సు) అని వెతకండి, అక్కడి లైసెన్స్ ఉన్నవాళ్లని ఇక్కడినుంచే కేసులు రివ్యూ చేసే పనికి పిలుస్తున్నారు.

ఐదో పని: డబ్బు కట్టే ముందు రుచి చూడండి

ఏ దారి అనుకున్నా ఒక నెల, జాబ్ చేస్తూనే, ఆ పని కొంచెం చేసి చూడండి. కోడింగ్ అయితే ఐసీడీ గైడ్‌లైన్స్ నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి, ఆఫ్ రోజుల్లో పది పేజీలు చదివి చూడండి. క్వాలిటీ అయితే మీ వార్డు హ్యాండ్ హైజీన్ ఆడిట్ మీరే అడిగి చేయండి. టీచింగ్ అయితే పోస్టింగ్‌కి వచ్చే స్టూడెంట్స్‌కి రెండు ప్రొసీజర్లు నేర్పి చూడండి, విసుగొస్తే తెలిసిపోతుంది.

ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అన్న మాట విని సరే అనకండి. పోయిన బ్యాచ్‌లో నర్సింగ్ చదివినవాళ్లు ఎవరున్నారు, వాళ్లతో ఒకసారి మాట్లాడొచ్చా అని అడగండి. నంబర్ ఇవ్వడానికి నసిగితే బయటికి వచ్చేయండి. జాబ్ ఇప్పిస్తాం, డిపాజిట్ కట్టండి అనేవాళ్లకి రూపాయి ఇవ్వొద్దు, అసలు కంపెనీ ఏదీ జాబ్ ఇచ్చి డబ్బు తీసుకోదు.

ఆరో పని: అప్లికేషన్, ఇంటర్వ్యూ

నౌకరీ, లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ పెట్టండి, కానీ నిజం చెప్పాలంటే మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ దానికంటే బాగా పనిచేస్తుంది. "ఎవరైనా క్వాలిటీలో గానీ టీపీఏలో గానీ ఉన్నారా" అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి, మీకు గుర్తు కూడా లేని జూనియర్ ఎవరో ఒకరు అక్కడ ఉంటారు, రిఫర్ చేస్తే వాళ్లకి కూడా రిఫరల్ డబ్బులు వస్తాయి.

"బెడ్‌సైడ్ ఎందుకు వదిలేస్తున్నారు?" అన్న ప్రశ్న గ్యారంటీగా వస్తుంది. నైట్లు చేయలేక, ఇన్‌ఛార్జి మంచిది కాదు, ఇవి చెప్పొద్దు. ఇలా చెప్పండి: "ఐదేళ్లు ఐసీయూలో చేశాను మేడమ్, క్యాథెటర్ చెక్‌లిస్ట్ నేనే నింపేదాన్ని, ఎక్కడ స్టెప్ మిస్ అవుతున్నామో కనిపించేది, ఆ పనే ఫుల్‌టైమ్ చేద్దామని వచ్చాను." ఇది కూడా నిజమే కదా. జీతం అడిగితే మీ నైట్ అలవెన్స్‌తో కలిపి ఇప్పుడు చేతికి ఎంత వస్తుందో లెక్కేసుకుని ఆ అంకె నుంచి మాట్లాడండి, ఉత్త బేసిక్ చెప్పేసి తర్వాత బాధపడొద్దు.

ఏడో పని: బయటికి రావడం

కొత్త చోట మొదటి ఏడాది జీతం తగ్గొచ్చు, నైట్ అలవెన్స్, ఎక్స్‌ట్రా డ్యూటీల డబ్బు పోతాయి. మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి, ఈఎంఐలు ఉన్నవాళ్లు అయితే ఇంకొంచెం ఎక్కువ. ఒకే ఆస్పత్రిలో నాలుగున్నరేళ్లు దాటి ఉంటే ఐదేళ్లు నిండేదాకా ఓపిక పట్టండి, గ్రాట్యుటీ వస్తుంది, ఆ నాలుగైదు నెలల కోసం వదులుకునే డబ్బు చిన్నది కాదు. పీఎఫ్ డ్రా చేసేయకుండా అదే యూఏఎన్ (పీఎఫ్ అకౌంట్ నంబర్) మీద కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టండి.

ఆఫర్ లెటర్ మెయిల్‌లో చేతికి వచ్చాకే రిజైన్ చేయండి, ఫోన్‌లో హెచ్ఆర్ చెప్పిన మాట మీద కాదు. నోటీస్ పీరియడ్ పూర్తిగా చేయండి, మధ్యలో మానేస్తే రిలీవింగ్ లెటర్ ఆపేస్తారు, కోడింగ్ కంపెనీలూ ఇన్సూరెన్స్ వాళ్లూ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మొదట అడిగేది అదే. చివరి రోజు వార్డు ఇన్వెంటరీ, నార్కోటిక్ రిజిస్టర్ ఎవరికి అప్పజెప్పారో సంతకం తీసుకుని ఫోటో తీసి పెట్టుకోండి, రెండు నెలల తర్వాత పల్స్ ఆక్సీమీటర్ కనిపించట్లేదని ఫోన్ చేస్తే చూపించడానికి ఉంటుంది.